దొంగిలిస్తేనే బతికే మొక్క

ఫ్రెడోనియా, కొలంబియా

ఒతీలియా వదినకి,

నువ్వు ప్రేమగా ఇచ్చిన ఆంథూరియం పూలమొక్క పిలక మళ్ళీ కుళ్ళిపోయింది. కాఫీ తోటలో చల్లటి నీడ చూసి, ఆకుల ఎరువు వేసి మరీ నాటాను. మా అత్తగారు అది చూసి, "అడుక్కొచ్చిన మొక్క ఎక్కడైనా బతుకుతుందటే? దొంగిలించి తెచ్చిందే వేరు పట్టేది. ఈ సంగతి మన ఊళ్ళో పసిపిల్లలక్కూడా తెలుసు!" అని దులిపేసింది.

అందుకని ఆదివారం నువ్వు చర్చికి వెళ్ళగానే మీ పెరట్లో దొంగతనానికి వస్తున్నాను. కుక్కని కట్టేసి వెళ్ళు. గేటు మాత్రం తీసి ఉంచకు, తీసి ఉంచితే నువ్వే ఇచ్చినట్టవుతుంది. ఒకవేళ నువ్వు తొందరగా తిరిగొచ్చి, నేను గోడ దూకుతూ నీ కంటపడితే మొహమాటపడకుండా నాలుగు తిట్టు.

ఏ మొక్క తీస్తానంటావా? మామిడి చెట్టు నీడలో, నీళ్ళతొట్టి వెనకాల దాచినట్టు పెట్టావే, విరగబూసిన ఆ తెల్లదాన్ని. నిరుడు మా చిన్నదాని జ్ఞానస్నానం విందుకి మీరంతా వచ్చి వెళ్ళాక మా పెరట్లో కనపడకుండా పోయిందీ అచ్చం అలాంటిదే.

కోపమేమీ లేదు వదినా. అది నీ దగ్గర అంత ఏపుగా పెరిగిందంటే, మా అత్తగారి మాట నిజమేగా!

ఇట్లు,
నీ ఆదివారం దొంగ