మా గ్రానైట్‌కు తగిన క్రషర్

2009 అక్టోబర్ 14, ప్లేనో, టెక్సస్

నేను క్వారీ అమ్మేస్తున్నానని గుడిలో చెప్పుకుంటున్నారట. అది అబద్ధం. నేను అమ్మింది అరిగిపోయిన పాత క్రషర్‌ను మాత్రమే.

దాని స్థానంలో, తిరిగే సుత్తులతో రాయిని బద్దలుకొట్టే ఇంపాక్ట్ క్రషర్ కొనమని మా అన్నయ్య కొడుకు రవి ఈ సాయంత్రం వచ్చి పట్టుబట్టాడు.

"అందరూ అదే వాడుతున్నారు అత్తయ్యా. ఆర్డర్ నేను ప్లేస్ చేస్తాను, మీరు రెస్ట్ తీసుకోండి."

"వాళ్లు కొట్టేది సున్నపురాయి. మన గ్రానైట్‌కు దాని సుత్తులు ఎన్నాళ్లు ఆగుతాయిరా?"

"మీరు జియాలజీ చదివి నలభై ఏళ్లయింది కదా."

"అయితే రాయి మెత్తబడిందా?"

నా ఎంపిక తప్పితే పని ఆగిపోతుంది, ఆ పుకారే నిజమవుతుంది. ఆ భయం నాకు లేదనను. అయినా రాయిని రెండు ఉక్కు దవడల మధ్య నలిపే జా క్రషర్‌కు, రవి రాకముందే, ఉదయమే సంతకం పెట్టి వచ్చాను.