జింకు పొడి ఎప్పుడు వేయాలన్నది

సునీతా,

నిన్న నీ ఏడాది జ్ఞాపకార్థ కూడిక అయింది. కొలకలూరు చుట్టాలంతా వెళ్లాక, చర్చి నుంచి తెచ్చిన గ్లాసులు లెక్కపెట్టి సర్దుతున్నాను. నీతో టైర్ల ల్యాబులో పనిచేసిన రమ్య వచ్చి పక్కన కూర్చుంది.

"జింకు పొడి ఆఖర్న వేసి చూశామాంటీ. సునీత చెప్పిందే కరెక్టండి," అంది.

నాకు గుర్తుంది. టైరు రబ్బరు సిలికా అనే ఇసక జాతి పొడితో ఊరికే కలవదని, రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవడానికి సిలేన్ అనే మందు వేస్తారని నువ్వే చెప్పావు. జింకు పొడి ముందే పడితే సిలికాను అదే పట్టేసుకుని, సిలేన్‌కి చోటివ్వదన్నావు. "పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తావా అమ్మా? ఇదీ అంతే," అన్నావు. మీ ల్యాబు సారు మాత్రం ఒప్పుకోలేదన్నావు.

"మీ సారు ఒప్పుకున్నారా?" అని అడిగాను.

"ఆయనకి వంట రాదు కదండీ, అందుకే ఇన్నాళ్లు పట్టింది," అని నవ్వబోయి ఏడ్చేసింది. ఇంకా కొన్నిసార్లు చేసి చూడాలట. ఈసారి మాత్రం సిలికా ఉండలు కట్టలేదట.

ఆసుపత్రిలో చివరి వారం నువ్వు నన్ను అడిగావు, "అమ్మా, నేను చెప్పింది తప్పంటావా?" అని. మాట్లాడితే నీకు ఆయాసం పెరుగుతుందని, "ఇప్పుడవన్నీ ఎందుకు, పడుకో," అన్నాను. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు.

తప్పు కాదమ్మా. ఆ మాట అప్పుడే అనడానికి నాకు రబ్బరు గురించి తెలియక్కర్లేదు. నువ్వేమిటో తెలిస్తే చాలు.

అమ్మ