తవుడు ఇంకా ఇవ్వలేదు

ఇబ్రహీంపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు సునీత దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేము బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, బావ, పిల్లలు అంతా మంచిగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నేను పంపిన నూనె రాయమను. రాయదు, దాచిపెట్టుకుంటుంది. సీసా నువ్వే తీసి రాయి.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వితే నవ్వు. నువ్వు ఫోను స్పీకర్‌లో పెట్టి వాకిట్లో కూర్చుంటావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇవతల మీ మరిది నా పక్కనే ఉంటాడు. ఇది కాగితం మీదే చెప్పాల్సిన మాట. చదివాక పొయ్యిలో వెయ్యి.

ముందు నా అబద్ధం ఒప్పుకుంటాను. బాలమ్మకు తవుడు ఇచ్చేశానని మొన్న చెప్పాను కదా, ఇవ్వలేదు. ఆ కవరు ఇంకా మా తలుపు వెనక మేకుకు వేలాడుతున్నది.

ఈ వెంచర్‌కు వచ్చి రెండేళ్లవుతున్నా నాకు ఇక్కడ అలవాటు కాలేదక్కా. ఎటు చూసినా ప్లాట్ల తెల్లరాళ్లే. అమ్ముడుపోయినవే గానీ ఇల్లు కట్టినవాళ్లు లేరు. మీ మరిది గేటు దగ్గర కాపలా, నేను చెట్లకు నీళ్లు పట్టడం. ఆదివారం కార్లలో జనం వస్తారు, రాళ్లు చూసుకుని పోతారు. మిగతా రోజులు గాలి తప్ప పలకరించే దిక్కు లేదు. ఈ చలికి పొద్దున పది దాటినా చేతులు కొంకర్లు పోతున్నాయి. సన్నబియ్యం తింటున్నాము గానీ మన జొన్నరొట్టె రుచి నోట్లో నుంచి పోలేదు.

అందుకే మేకలు కాసే బాలమ్మ వస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. చిన్నోడు పదకొండు నెలలకే జ్వరంతో పోయాక, ఈ పిల్ల పుట్టినప్పుడు నువ్వు నాతో ఒట్టు వేయించుకున్నావు, గుర్తుందా? "ఇర్వై ఒకటో దినం చాటల పండవెట్టి పెంట మీద ఎయ్యి. మనోళ్లు కానోళ్లు ఎత్తుకోవాలె. చేరెడు తవుడిచ్చి నువ్వు కొనుక్కో. పెంటమ్మ అని పిలువు. నీ కడుపున పుట్టింది కాదు, పెంట మీద దొరికిందనుకొని సావు పక్క నుంచి పోతది" అన్నావు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. గేటు పక్కన ఊడ్చిపోసిన కుప్ప మీద చాట పెట్టాను. మేకలు తోలుకుపోతున్న బాలమ్మను పిలిచాను. ఆమె ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. తీరా చూస్తే ఇంట్లో తవుడు లేదు. బర్రె లేని ఇంట్లో తవుడెక్కడిది? చేరెడు బియ్యం తెచ్చి పట్టాను.

"బియ్యం నాకొద్దు. తవుడే ఇయ్యాలె. దొరికినప్పుడు ఇద్దువు తియ్, అందాక నా పిల్లను నీ ఇంట్ల సాదు" అని నవ్వి, చాట నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నేనూ నవ్వాను. తర్వాత మరిచిపోయాను.

పిల్ల ఎంత బాగా పెరిగిందో నీకు వీడియోల్లో చూపించాను. మూడో నెలలో బోర్ల పడ్డది, ఆరో నెలకు కూర్చున్నది, ఎనిమిదికి పాకింది. అంగన్‌వాడీ టీచర్ తూకం వేసి, "ఏం పెడుతున్నవ్ గీ పిల్లకు?" అని అడిగింది. నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఈ పదకొండు నెలల్లో పిల్లకు ఒక్కసారి కూడా ఒళ్లు వెచ్చబడలేదు. జలుబు లేదు. పళ్లు వచ్చినప్పుడు కూడా ఏడవలేదు.

నెలన్నర సూది వేసిన రోజు దవాఖానలో నర్సమ్మ ముందు పేరు విని నవ్వింది. "ఈ కాలంల పెంటమ్మేంది?" అన్నది. తర్వాత, "జ్వరమొస్తది, ఈ చుక్కలు పొయ్యి" అని సీసా ఇచ్చింది. జ్వరం రాలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండలు మండిపోతుంటే, బాలమ్మ గొంగడి కప్పుకుని వణుకుతూ వచ్చింది. రెండో సూదికీ అంతే జరిగింది. మూడోసారికి ఆమే అడిగింది, "మళ్ల సూది ఎప్పుడు?" అని. బుధవారం అని చెప్పాను. బుధవారం, గురువారం మేకలు రాలేదు.

మొన్న దసరా ముందు పిల్ల మెట్టు మీద నుంచి తలకిందులుగా పడ్డది. ఎత్తి చూస్తే చిన్న బొప్పి కూడా లేదు, నవ్వుతున్నది. సాయంత్రం మేకలు మళ్లిస్తూ వచ్చిన బాలమ్మ నుదురు కోడిగుడ్డంత వాచి ఉంది. "ఏమైంది?" అంటే, "గడప తాకింది" అన్నది. మీ మరిదికి చెబితే, "ముసలామె కండ్లు కనవడక పడ్డది. నీకు పని లేక ఏదన్న అల్లుతవ్" అన్నాడు. నేనూ అదే అనుకోవాలని చూశాను.

పిల్లకు పదకొండో నెల నిండింది. ఆ వారం అంతా బాలమ్మ రాలేదు. అప్పుడే నువ్వు ఫోన్‌లో తవుడు సంగతి అడిగి, "కొననే లేదా? కొనకపోతే పిల్ల నీదెట్లయితదే?" అని అరిచావు. ఇబ్రహీంపట్నంలో దాణా దుకాణంలో తవుడు కొని, పిల్లను చంకనేసుకుని, మంచాల రోడ్డు దాటి ఆమె గుడిసెకు పోయాను. చాప మీద పడి ఉంది. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతున్నది.

తవుడు గుప్పిట్లోకి తీసి చాపాను. ఆమె వేళ్లు ముడుచుకుంది.

"మీ చిన్నోడు ఎన్ని దినాలకు పోయిండు?"

"పదకొండు నెలల తొమ్మిది దినాలకు."

"ఇయ్యాల ఈమెకు?"

"పదకొండు నెలల ఏడు దినాలు."

"అయితే ఇప్పుడు ఇయ్యకు. సావనేది తల్లి ఇల్లు అడుక్కుంట వస్తది. తవుడు తీసుకోనంత కాలం తల్లిని నేనే. అందుకే నా ఇంటికి వచ్చి కూసున్నది. కూసోనీ. ముగ్గురిని మట్టిల పెట్టిన, ఒక్కదాన్నన్న ఏడాది దాటిస్త. ఏడాది నిండిన తెల్లారి తే."

నేను వద్దనాలి కదా అక్కా? తవుడు ఆమె కొంగులో పోసి రావాలి కదా? పోయలేదు. కవరు మూతి ముడి వేసుకుని వచ్చేశాను. మర్నాడు ఆటో మాట్లాడి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఏమీ కనబడటం లేదని గోలీలు రాశాడు. జ్వరం దిగలేదు. రోజూ జావ కాచి తీసుకుపోతున్నాను, మీ మరిది మేకలకు ఆకు వేస్తున్నాడు. అంతకు మించి ఏమీ చేయడం లేదు. చేయగలిగింది ఒక్కటే ఉంది, అది తలుపు వెనక వేలాడుతున్నది. పొద్దున లేవగానే కవరు చేతిలోకి తీసుకుంటాను. పిల్ల ముఖం చూసి మళ్లీ మేకుకు తగిలిస్తాను. నా మీద నాకే అసహ్యం వేస్తున్నది.

నిన్న తొమ్మిదో రోజు. పిల్లను ఒక్క క్షణం కింద దించలేదు. మధ్యాహ్నం ఇక తానే గింజుకుని దిగి, పట్టు లేకుండా నిలబడి, రెండు అడుగులు వేసింది. ఒళ్లు చల్లగా ఉంది. ఆమెను ఎత్తుకునే గుడిసెకు పరుగెత్తాను. బాలమ్మ నన్ను గుర్తుపట్టలేదు. పిల్లను మాత్రం చూసి, "నడిచినవా బిడ్డా?" అన్నది. నేను ఆ మాట ఇంకా ఆమెకు చెప్పనే లేదు.

ఇంకా ఇరవై రోజులున్నాయి. బాలమ్మ ఉంటుందో లేదో తెలియదు. ఉండాలని దేవుడికి మొక్కుతున్నాను, నమ్ము. తవుడు మాత్రం ఇవ్వను.

అడుగులకు అర్సెలు చేసి పంపాలని నీకు మనసవుతుంది. చెయ్యకు. గౌను కొనకు. పట్టీల మాట అమ్మ దగ్గర ఎత్తకు. పుట్టినరోజు ఎప్పుడని ఎవరడిగినా తెలియదని చెప్పు. ఈ ఉత్తరంలో నేను "పిల్ల" అనే రాశాను చూశావా, దాని ముందు 'నా' అన్న మాట ఎక్కడా చేర్చలేదు. ఒకచోట కలం జారబోయింది, ఆపుకున్నాను.

అమ్మకు, బావకు నా దండాలు. మీ మరిది అందరినీ అడిగినట్టు రాయమన్నాడు. మా ఇద్దరినీ దీవించండి. పిల్లకు మాత్రం దీవెనలు ఇప్పుడే పంపకండి. ఆమె ఇంకా మన పిల్ల కాదు.

ఇట్లు
నీ చెల్లెలు
సునీత