తుంగమూలలో జిలేబి చేపలు

అన్నా, నువ్వు చనిపోయి ఏడాదైనా చెరువు దగ్గర నీ మాటే చెల్లుతుంటే, బతికున్న నేను ఎవరికి బోధించాలి?

కొర్రమీను తన ఎర్రటి పిల్లలను కాచుకునే చోటని చెరువులో తుంగ పెరిగిన ఆ తుంగమూలలో వల వేయొద్దన్నావు. నర్సింహులపేటలో ఇప్పటికీ ఎవరూ వేయరు. నేను ఇరవై ఏళ్లుగా లేఖనం తెరిచి గొంతు చించుకుంటున్నా ఒక్కడూ సారా మానలేదు. నీ మీద నాకు అసూయ. పాపమని తెలిసే రాస్తున్నాను.

ఈ మధ్యాహ్నం ఆ మూలకు వెళ్లాను. ఎక్కడినుంచో తెచ్చి వదిలిన జిలేబి చేపలు, అదే తిలాపియాలు, అడుగంతా గుంతలు తవ్వి కాపురం పెట్టాయి. వల పడని చోటు వాటికే కోటయింది. కొర్రమీను పిల్ల ఒక్కటీ కనబడలేదు.

వల వేయమని చెరువులో చేపలు పట్టే సాయిలుకు చెప్పాను. వాడు నవ్వాడు.

“నీకు మీ అన్నంటే కుళ్లు, పాస్టరన్నా. గాయన వద్దన్న జాగల మేమెట్ల ఏస్తం?”

కుళ్లు ఉన్న మాట నిజమే. కానీ గుంతలు నేను తవ్వలేదు కదా!

పొద్దుగూకితే ఆ చేపలు లోతుకు జారుకుంటాయి. నీ పాత వల ఒళ్లో పెట్టుకుని కట్టమీద కూర్చున్నాను. దేవుణ్ని తప్ప ఎవరినీ అడగనివాణ్ని, నిన్ను అడుగుతున్నాను. “తుంగమూలల వల ఏయుండ్రి” అని సాయిలు చెవిలో ఒక్క మాట వెయ్యి. ఈరోజే అన్నా, ఎండ ఉండగానే!