నీళ్ళ సరుకు

1998 ఏప్రిల్ 20, సోమవారం

మాధవరం గోడౌన్‌లో పన్నెండు డ్రమ్ములు దిగాయి. నీలం ప్లాస్టిక్. సిలేన్ అట. సిమెంటు గోడకు, ఇటుకకు పూస్తే వాన లోపలికి దిగదట. నీళ్ళను ఆపే మందును నీళ్ళలోనే కలిపి పంపారు — ఈ తమాషా నాకు నచ్చింది.

సరుకుతో పాటు రెండు పేజీల ఇంగ్లీషు కాగితం. చిన్నశెట్టి దాన్ని నా బల్ల మీద పెట్టాడు. "మామా, మీరే చూసి మనోళ్ళకు ఏం జాగర్తలో చెప్పండి. నాకు టైం లే."

నలభై ఏళ్ళుగా సౌకార్‌పేటలోని ఈ రంగుల అంగట్లో ఇంగ్లీషు నాదే. వాళ్ళ నాయన పెద్దశెట్టిగారి కాలం నుంచీ. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాది వార్నిష్ డబ్బాల మీద చదివాను. నేను నేర్చిన మొదటి ఇంగ్లీషు వాక్యం, వాడే ముందు బాగా కుదపవలెను అని. మనుషుల ఇంగ్లీషు కన్నా డబ్బా ఇంగ్లీషు నయం. చెప్పాల్సింది చెప్పి ఊరుకుంటుంది.

ఏప్రిల్ 21

మొదటి పేజీ అయింది. పాల రంగు ద్రవం. ఘాటు లేదు. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పవు. కిటికీ అద్దాలు కప్పి పని చేయాలి — చుక్క పడి ఆరితే పోదు. 'వాటర్' అన్న మాట ఒక్క పేజీలోనే మూడు చోట్ల ఉంది.

రెండో పేజీ అక్షరాలు మరీ సన్నం. కాగితం మడిచి డిక్షనరీలో పెట్టాను. రేపు చూడవచ్చు.

ఏప్రిల్ 22

చూడలేదు. గోడౌన్‌కు వెళ్ళాను.

అక్కడ తాళాలు కోదండానివి, పద్దెనిమిదేళ్ళుగా. కొత్త సరుకులో మొదటి డ్రమ్ము తెరిచే రోజంటే వాడికి పండుగ. పసుపు, కుంకుమ, కర్పూర హారతి. అయితే ఒక కట్టుబాటు. మా డ్రమ్ముల్లో వచ్చేది నిప్పంటుకునే టర్పెంటైనో, థిన్నరో, అందుకని బొట్టు మాత్రమే డ్రమ్ముకు. కర్పూరం గేటు బయట. పెద్దశెట్టిగారు పెట్టిన నియమం. "దేవుడు గేటు కాడి నుంచి కూడా చూస్తాడు లేరా" అనేవారు. ఆయనకు దేవుడి మీద నమ్మకం, ఆవిరి మీద అనుమానం.

"ఏమన్నా, దీనికి హారతి యాడ ఇచ్చేది? గేటు కాడనా, డ్రమ్ము కాడనా?"

"నీళ్ళ సరుకురా ఇది. నిప్పుకు నీళ్ళంటే భయం గానీ, నీళ్ళకు నిప్పంటే భయమా?"

"అట్టంటే దగ్గర్నే ఇస్తా. ఇన్నేళ్ళలో ఒక్క డ్రమ్ముకన్నా మొగం ముందర హారతి ఇయ్యలేదన్నా నేను."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. మాట బాగా కుదిరిందని బస్సులో కూడా ఒకసారి అనుకున్నాను.

ఏప్రిల్ 24, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పగలు పదిన్నర. రేకుల కప్పు. నాలుగు రోజులుగా డ్రమ్ములు ఆ వేడిలోనే. కోదండం బొట్లు పెడతాడు. తొడుగులు, అద్దాలు అట్టపెట్టెలోనే ఉన్నాయి. వేసుకోమన్నాను. "పూజ అయినాక ఏసుకుంటా. సామికి రబ్బరు చేత్తో ఎట్టన్నా దండం పెట్టేది?" మూత తిప్పుతాడు — బుస్సుమని గాలి, తెల్లటి చుక్కలు. "గోలీసోడా మాదిరి ఉండాదే!" కిటికీ దగ్గరికి పోయి కర్పూరం వెలిగించుకొని వస్తాడు. పళ్ళెం ఎత్తి డ్రమ్ము మూతి ముందు ఒక్క చుట్టు...

నీలి మంట. పెద్ద శబ్దం లేదు, తడి దుప్పటి దులిపినట్టు. ఒక్క క్షణం. ఆరిపోయింది. డ్రమ్ము ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

కోదండానికి కనుబొమలు లేవు. "అమ్మా" అని, సరుకుతో తడిసిన చేత్తోనే కుడి కన్ను గట్టిగా రుద్దుకున్నాడు.

కుళాయి తిప్పాను. గాలి వచ్చింది. రెండు వారాలుగా అంతే. గోడౌన్ నిండా నీళ్ళ సరుకు. కన్ను కడగడానికి తాగే నీళ్ళ బిందె ఒక్కటి. అదీ సగమే. అయిపోయింది. ఆటోలో కంటి ఆసుపత్రికి. దారి పొడవునా వాడు ఒకే మాట — "డ్రమ్ముకు మూత పెట్టినారా అన్నా?"

ఏప్రిల్ 25

నా కళ్ళజోడు మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. నిన్న చూసుకోలేదు. సబ్బు, వేడినీళ్ళు, థిన్నర్ — దేనికీ లొంగలేదు. కాగితం అబద్ధం చెప్పలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

రెండో పేజీ.

మూసిన డ్రమ్ములో ఈ మందు నీళ్ళతో కలిసి మెల్లమెల్లగా ఆల్కహాలు వదులుతుంది. వేడికి ఇంకా ఎక్కువ. ఆ ఆవిరి పైన ఖాళీలో నిలుస్తుంది. అందుకని డ్రమ్ములు చల్లటి చోట ఉంచాలి. మూత కొద్దిగా వదులు చేసి, గాలి పోనిచ్చి, తర్వాత తెరవాలి. దగ్గర్లో నిప్పు ఉండరాదు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్ళు పోయాలి.

పైకి నీళ్ళు, లోపల సారా బట్టీ. అన్నీ రాసే ఉన్నాయి, సన్నటి అక్షరాల్లో, నా డిక్షనరీ మధ్యలో.

ఈ డిక్షనరీ పాత మూర్ మార్కెట్‌లో కొన్నది, అది కాలిపోకముందు. అమ్మినవాడు 'ఇది చదివితే నువ్వే దొర' అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే 'యు' తర్వాత పేజీలు లేవు. 'వేపర్' అన్న మాట అందులో ఉండదు. ఇది సాకుగా రాయడం లేదు. ఆవిరి అంటే ఏమిటో నాకు డిక్షనరీ చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్ 27

ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 29

కోదండం ఇంటికి. పాల కాలనీ వెనక సందు. కంటికి కట్టు. ముఖం మీద తెల్లటి మందు. కనుబొమలు లేని మనిషి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే ఉంటాడు.

వాడి భార్య సులోచన మజ్జిగ ఇచ్చింది. "మీరన్నా అడగండి బావా. ఎప్పుడూ గేటు బయటనే కదా కర్పూరం? ఆ పొద్దు ఏం పుట్టిందో, లోపలికి ఎత్తుకపోయినాడు ఈ మనిషి!"

"నోరు మూసుకో మే. నాకే తోచింది, చేసినా." మిగిలిన కన్నుతో నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు.

మజ్జిగ తాగాను. ఉప్పు సరిపోయింది.

మే 2

చిన్నశెట్టి తేల్చేశాడు. "మామా, కోదండానికి ఇంక గోడౌన్ తాళాలు ఇచ్చేది లే. అగ్గి ఎత్తుకొని డ్రమ్ము కాడికి పోయేటోణ్ణి ఎట్ట నమ్మేది? కన్ను బాగైతే అంగట్లో కూసుంటాడు. పొట్లాలు కడతాడు."

"పద్దెనిమిదేళ్ళు..."

"అందుకే ఇంటికి పొమ్మనలే. మీరు కాగితం చూసి అంతా చెప్పినారు కదా వాడికి?"

"చెప్పినా."

ఆ తర్వాత చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఫోను మోగింది. ఆయన మాట్లాడి పెట్టేశాక కూడా అది నాలోనే ఉంది.

మే 5

గోడౌన్‌లో బోర్డు పెట్టించాను, తెలుగులో, అరవంలో. నేనే రాశాను. డ్రమ్ములు నీడకు మార్పించాను. లారీ నీళ్ళు వచ్చినప్పుడు పట్టి రెండు తొట్లు కంటి కోసమే విడిగా ఉంచాలి, తాగరాదు. అద్దాలు పెట్టుకోకుండా మూత మీద చెయ్యి వేయరాదు. ఎత్తే కూలీలకు అద్దాలు తగిలిస్తే ఒకటే నవ్వు — "పెద్దాయన మనకు ఈత నేర్పిస్తాడంట్రా, నీళ్ళే లేవు!"

అడుగున పెద్ద అక్షరాల్లో: కర్పూరం గేటు బయట. నీళ్ళ సరుకుకు కూడా.

చిన్నశెట్టి చదివి మెచ్చుకున్నాడు. "మీరు లేకుంటే ఏమయ్యేదో మామా."

మే 9

కట్టు విప్పారు. చేతి వేళ్ళు తెలుస్తున్నాయట, ఎన్నో తెలియడం లేదట. ఇంకో రెండు వారాలు చూడాలన్నారు.

మే 12, మంగళవారం

ఇది అంగట్లోనే రాస్తున్నాను.

పది గంటలకు కోదండం వచ్చాడు, నల్లద్దాలు పెట్టుకొని. అంగడి ఉన్నది మేడ మీద. ఎక్కి వచ్చి చిన్నశెట్టికి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"తాళాలు అడగను అన్నా. ఆయన ఇస్తే ఇస్తాడు. ఆ కాగితంలో ఏముండాదో ఒకసారి పూర్తిగా చదివి చెప్పు. నాకు అక్షరం రాదు. ఏం చేసినానో తెలుసుకోవాల గదా."

చిన్నశెట్టి కూడా అన్నాడు, "అవును మామా, నేనూ వింటా. గట్టిగా చదవండి."

మొదటి పేజీ చదివాను. పాల రంగు. తొడుగులు. కిటికీ అద్దాలు. కోదండం ప్రతి మాటకూ తల ఊపాడు. "అద్దాలు ఏసుకోమని నువ్వు చెప్పినావు. నిజమే. నేనే ఇనలా." పేజీ అయింది. కాగితం తిప్పబోయాను.

"ఉండన్నా, టీ చెప్పొస్తా. గొంతు ఎండిపోయింది నీకు." నేనే పోతానన్నా వినలేదు. కిందికి వెళ్ళాడు.

కాగితం బల్ల మీద ఉంది, రెండో పేజీ పైకి. కళ్ళజోడు మచ్చలు ఎటు తిప్పినా అక్షరాల మీదికే వస్తున్నాయి. చిన్నశెట్టి పేపరు మడిచి పక్కన పెట్టాడు. వినడానికే.

ఈ పేజీలో ఏడు వరుసలు ఉన్నాయి. నిప్పు వరుస ఒక్కటి వదిలేసి మిగతా ఆరూ చదవవచ్చు. వాడికి అక్షరం రాదు. చిన్నశెట్టికి వచ్చు గానీ నా మాటే నమ్ముతాడు...

మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు. ఒక్కో మెట్టు తడుముకుంటూ ఎక్కుతున్నాడు, గ్లాసులు ఒలకకుండా.