గుర్రం కింద సగం పేరు

సమోనియోస్ నెల, అయిదో రోజు

అక్కా,

ఈ ఉదయం నాన్న నన్ను అక్షరాలు అడిగాడు. నేను బడిలో నేర్చుకుంటున్న రోమన్ రాతని ఇన్నాళ్లూ "కోడి గెలికినట్టుంది" అని వెక్కిరించిన మన నాన్నే!

మన తెగ కంచు నాణేల మీద ఇంతవరకు గుర్రమొక్కటే ఉండేది. ఇప్పుడు రోమన్ల నాణేల్లాగే చుట్టూ తన పేరుండాలని నాయకుడు ఆజ్ఞాపించాడు. ఆ పేరు నాన్న ఎప్పుడో నాణేలు కొట్టే అచ్చు మీద చెక్కేశాడు. ఇవాళ ఆయన అడిగింది అన్నయ్య పేరు.

"ఏరా చదువులోడా, గుర్రం పొట్ట కింద కింతుగ్నాటోస్ అని పడుతుందా?"

"సగమే పడుతుంది నాన్నా, కింతు వరకే."

"చాల్లే. వాడు మాత్రం నిండుగా బతికాడా?"

నాయకుడు పంపిన యుద్ధంలో పోయిన అన్నయ్య శవం కూడా మనకు దక్కలేదు కదా. అచ్చు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి గనక, అద్దంలో కనిపించినట్టు రాసిచ్చాను. వాడి పేరు రాయడం నాకిదే మొదటిసారి, అదీ వెనకనుంచి ముందుకి. నాన్న ఒక్కో అక్షరం చెక్కి, వేలితో తడిమి చూసుకున్నాడు.

రేపు పొద్దున్నే నాయకుడి దగ్గరున్న రోమన్ లేఖకుడు అచ్చు చూడటానికి వస్తాడు. కొడుకు పేరని తెలిస్తే నాన్న చెయ్యి నరికిస్తారు. అందుకే బడి మానేసి కొలిమి దగ్గరే ఉంటాను. అడిగితే, "మా భాషలో కింతు అంటే మొదటిది అండీ, ఇది మొదటి అచ్చు" అంటాను. మరీ అబద్ధమేం కాదక్కా. నాన్నకి మొదట పుట్టింది వాడే కదా.