ముందు తిప్పు

మార్చి 4
స్పేస్ స్టేషన్ మళ్లీ జారుతోంది. అంత ఎత్తులో ఉన్న పిసరంత గాలికే వేగం తగ్గి కిందికి దిగుతూ ఉంటుంది. అప్పుడప్పుడూ ఇంజన్ వెలిగించి పైకి నెట్టాలి. మా కంట్రోల్ రూమ్‌లో దాన్ని రీబూస్ట్ అంటాం. వదిన చంకనెత్తుకోవడం అంటుంది.

వదిన ఇప్పుడు పైన ఒక్కతే. పైలట్‌కి జబ్బు చేస్తే ఉన్న ఒక్క క్యాప్సూల్‌లో అతన్ని దించేశారు. తను మొక్కల సైంటిస్టు. మొలకల్ని వదిలి రానని మొండికేసింది. కొత్త క్యాప్సూల్ నెలాఖరుకి. భయమెందుకు, కింద మీ చెల్లెలుందిగా అని అన్నయ్యతో అందట.

మార్చి 9
కంప్యూటర్ మొరాయించింది. స్టేషన్ అడ్డం తిరిగింది. వదినే చేత్తో తిప్పి ఇంజన్ వెలిగించాలి. వాయిస్ అంతా గరగర. రేడియో లైన్‌లో ఇంగ్లిష్ తప్ప మాట్లాడకూడదని రూల్. కంగారులో నోటికి ఇంటి మాటే వచ్చింది. ఇంజన్ ముందు తిప్పు, తర్వాత వెలిగించు అన్నాను.

ముందు అంటే మొదట అని నా ఉద్దేశం.

మార్చి 9, సాయంత్రం
తను ఇంజన్ని ముందువైపుకి తిప్పింది. వెనక నుంచి నెట్టాల్సింది ఎదురుగా నెట్టింది. ఫ్యూయెల్ మొత్తం బ్రేక్ వెయ్యడానికే అయిపోయింది.

వదినేమో, నాకప్పుడే డౌటొచ్చింది, కానీ ఆడపడుచు మాటకి ఎదురు చెప్తే కాపురం నిలుస్తుందా అని నవ్వింది. అప్పటికి తనకి ఫ్యూయెల్ అయిపోయిన సంగతి తెలియదు.

మార్చి 10
క్యాప్సూల్ వచ్చేలోపే స్టేషన్ పడిపోతుంది. లెక్క మా బాస్ చేత కూడా చేయించాను. అదే వచ్చింది. క్యాప్సూల్ వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. తొందరపడి పంపితే అది పేలిపోవచ్చన్నారు.

మార్చి 13
వదినకి నేనే చెప్పాను. మీ అన్నయ్యకి ఏం చెప్పావ్ అంది. ఇంకా ఏమీ చెప్పలేదన్నాను. చెప్పకు అంది.

మార్చి 14
చచ్చేది తను. భయం నాకు.

మార్చి 17
స్టేషన్ పడిపోతుందని మా బాస్ చెప్పి, అన్నయ్యని కంట్రోల్ రూమ్‌కి తీసుకొచ్చారు. వాళ్లిద్దరినీ మాట్లాడుకోనిచ్చి మేమందరం బయట నిలబడ్డాం. తిరిగి లోపలికి వెళ్లాక అన్నయ్య ముఖం చూడలేకపోయాను.

వదిన రికార్డవుతోందా అని అడిగి మరీ, చక్కటి ఇంగ్లిష్‌లో చెప్పింది. గ్రౌండ్ సరిగ్గానే చెప్పిందట, పొరపాటు తనదేనట. కాదని అరవాలనుకున్నాను. మైకు బటన్ మీదే ఉంది నా వేలు. నొక్కలేదు.

మార్చి 19
పడిపోయింది. సముద్రంలో.

ఏప్రిల్ 2
ఎంక్వైరీ అయిపోయింది. ఆ రోజు నేనన్న మాట రికార్డింగులో అంతా గరగరే. వదిన చెప్పింది మాత్రం స్పష్టంగా ఉంది. నా తప్పేమీ లేదని తేల్చారు. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు దిగులు పెట్టుకోకమ్మా అన్నాడు. ఇప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏప్రిల్ 11
పరామర్శకి వచ్చినవాళ్లతో అన్నయ్య చెబుతున్నాడు. మా ఆవిడకెప్పుడూ కుడీ ఎడమా తెలీదు, వీధి చివర షాపుకెళ్లినా దారి తప్పేది అని. అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు.

నేనూ నవ్వాను.